'వస్తాలే' అనే మాటను ఎలా చదవాలి?

(తిరుపతిలో గ్రంథాలయ వారోత్సవాల సందర్భంగా చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. ఇన్ని పుస్తకాల మధ్య నిలబెట్టి, పుస్తకం తెరవకుండా నవలలు వినడం గురించి మాట్లాడమన్నారు. ఇందాక మెట్ల దగ్గరే మా పాత సహోద్యోగి ఒకాయన పట్టుకున్నారు. "వినేది కూడా చదివినట్టేనా మేడమ్?" అని. ఆయన రెండో వరుసలో ఉన్నారు. కాస్త ఓపిక పట్టండి సార్, ఆ ప్రశ్నకు వస్తాను.

నాకీ అలవాటు బస్సులో అంటుకుంది. ఇల్లు చిత్తూరులో, ఉద్యోగం చంద్రగిరిలో. పల్లెవెలుగు బస్సు కుదుపుల్లో అక్షరాలు చూస్తే నాకు తల తిరుగుతుంది. మా అమ్మాయి ఫోన్లో ఒక తెలుగు నవల ఎక్కించి, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టి పంపింది. నాలుగో రోజు కథలో ఆస్తి పంపకం జరుగుతోంది, అన్నదమ్ములు గొంతులు పెంచారు. కండక్టర్ నా భుజం దగ్గరకు వంగి, "ఏం మా, చంద్రగిరికి కదా టికెట్ తీసింది? తిరుపతి వచ్చేసె!" అన్నాడు. ఆ రోజు స్కూలుకు ఎంత ఆలస్యంగా వెళ్లానో అడగొద్దు. పంపకం మాత్రం పూర్తిగా విన్నాను.

రాత్రిళ్లు వింటే ఇంకో కష్టం. మధ్యలో నిద్రపోతాం, కథ ఆగదు. మరుసటి రాత్రి వెనక్కి వెళ్లి మళ్లీ మొదలుపెట్టాలి. ఒక డిటెక్టివ్ నవలలో ఒకే పెద్దమనిషి మూడు రాత్రులు వరసగా హత్యకు గురయ్యాడు. పాపం, ఎవరు చంపారో నాకు నాలుగో రాత్రికి గానీ తెలియలేదు.

అయితే కథ వినడం మనకు ఫోనుతో వచ్చిందా? మన చిత్తూరు పల్లెల్లో ఎండాకాలం ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెడతారు. చాలా ఊళ్లలో పద్దెనిమిది రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రికి వీధినాటకం. మా అవ్వ చెయ్యి పట్టుకుని భారతం మిట్టకు వెళ్లేదాన్ని. రాత్రి నాటకంలో ద్రౌపది వేషగాడు గుండెలు బాదుకుని ఏడ్చేవాడు, మా పిల్లలకు నవ్వొచ్చేది. మధ్యాహ్నం హరిదాసు మాత్రం చిడతలు ఆపేసి, గొంతు తగ్గించి, ఆడగొంతు జోలికి పోకుండా, "సభలో ఒక్కరూ తల ఎత్తలేదు" అని ఊరుకునేవాడు. మా అవ్వ కొంగు కళ్లకు పోయేది. దాసు కళ్లు పొడిగానే ఉండేవి.

చదివే గొంతు గురించి నాకున్న అభిప్రాయమంతా ఆ మిట్ట మీదే ఏర్పడింది. నాకంటే ముందు ఏడ్చేవాళ్లు నాకు వద్దు. వాళ్లు ఏడ్చేస్తే ఇక నాకేం పని మిగులుతుంది? రాయ్ డాట్రిస్ అనే ఇంగ్లిష్ నటుడు ఒకే నవలలో 224 పాత్రలకు వేర్వేరు గొంతులిచ్చి గిన్నిస్ రికార్డు సంపాదించాడు. దండం పెట్టాల్సిన విద్యే. కానీ నాకు ఒకే గొంతు చాలు. ఆ గొంతుకు ఎవరు మాట్లాడుతున్నారో తెలిసి ఉండాలి, అంతే.

తెలుగులో ఈ 'తెలిసి ఉండటం' చిన్న పనేమీ కాదు. మన నవలల్లో చాలాసార్లు మాట ముందు, 'అన్నాడు', 'అన్నది' తర్వాత. "ఈ ఇంట్లో ఇంక నాకేం పని" అన్నది అత్తా, కోడలా? పేజీ మీదైతే కన్ను ఒక అంగుళం ముందుకు దూకి చూసుకుంటుంది. చెవి దూకలేదు. కాబట్టి మొదటి అక్షరం దగ్గరే అత్త గొంతు పడిపోవాలి. ముందుగా నవల మొత్తం చదవకుండా మైకు ముందు కూర్చున్నవాళ్లు ఇక్కడే దొరికిపోతారు. పదో అధ్యాయంలో రచయిత 'అతని నత్తి మాటలు' అని రాస్తే, అప్పటిదాకా గడగడా మాట్లాడిన మనిషిని ఏం చేయాలి?

ఇంకో కష్టం యాస. ఈ మధ్య మన వైపు కథ ఒకటి విన్నాను. పేర్లు చెప్పను. అందులో ఒక ముసలమ్మ కొడుకుతో, "నువ్వు పో నాయనా, నేను వస్తాలే" అంటుంది. ఆ 'లే' చూడండి. దిగులు పడొద్దు, వస్తాను అనొచ్చు. ఎన్నిసార్లు పిలుస్తావు, వస్తాను పో అని విసుక్కోవచ్చు. మన ఇళ్లలో ఇంకో 'వస్తాలే' ఉంది: గడప దాటకూడదని మనసులో అనుకుని, బిడ్డను నొప్పించకుండా సాగనంపేది. ఆ కథంతా ఈ మూడో 'లే' మీదే నిలబడింది. చదివినావిడ గొంతు తేనె, ఉచ్చారణకు వంక పెట్టలేం, ళ కి ళ, ణ కి ణ. కానీ ఆ మాటను బస్సు ఎక్కేవాళ్లు చెప్పే 'వస్తాలే'లా చదివేసింది. ముసలమ్మ నిజంగానే వస్తుందని నమ్మి, చివర్లో నేను తెల్లబోయాను. 'వస్తా ఉండా', 'యాడికి పోతా ఉండావు' లాంటివి ఎవరైనా నేర్చుకుని పలకొచ్చు. 'లే' మాత్రం ఆ ఇంట్లో పెరిగినవాళ్లకే పట్టుబడుతుంది. అందుకే మన కథలను మనవాళ్లు చదవాలని పట్టుబడతాను, ఉచ్చారణ కాస్త అటూ ఇటూ అయినా సరే.

ఇక సార్ ప్రశ్న. బ్రిటన్‌లో 1935లో మాట్లాడే పుస్తకాలు మొదలుపెట్టింది చూపు లేనివాళ్ల కోసం. మొదటి ప్రపంచ యుద్ధంలో కళ్లు పోయిన సైనికులు కూడా వాళ్లలో ఉన్నారు. గ్రామఫోన్ రికార్డుకు ఒక్కో వైపు సుమారు 25 నిమిషాలు, ఒక నవలకు పదేసి రికార్డులు. ఆ సైనికుడు పదో రికార్డు తిప్పేసరికి నవల చదివినట్టా, కాదా? మీరే చెప్పండి సార్.

మా వీధిలో చూపు మందగించిన ఒక అవ్వ ఉంది. పోయిన మే నెలలో ఆమె కోసం నేనే ఒక కథ చదివి ఫోన్లో రికార్డు చేశాను. నోరెండిపోతే మాటల మధ్య టిక్కు టిక్కుమని చప్పుడొస్తుందని, అందుకు పచ్చి యాపిల్ తింటారని విన్నాను. మా ఇంట్లో లేదు, దోసకాయ తిన్నాను. హోరు పడకూడదని ఫ్యాన్ ఆపేశాను. మే నెల చిత్తూరు ఎండలో ఫ్యాన్ ఆపడమంటే మీకు వేరే చెప్పక్కర్లేదు. కథలో కోడలు జవాబు చెప్పకుండా గోడకు ఆనుకుని నిలబడే చోట నేను కూడా రెండు క్షణాలు ఆగాను. సరిగ్గా అప్పుడే మా వంటింట్లో కుక్కర్ విజిల్ వేసింది. మళ్లీ చదివే ఓపిక లేక అలాగే ఇచ్చేశాను.

రెండు రోజుల తర్వాత అవ్వ పిలిచింది. కథ ఎట్లుందని అడిగాను. "బాగుంది మా. ఆ కోడలు ఇంతకీ కుక్కర్ దించిందా లేదా? అది చెప్పకనే నిలిపేసినావే" అంది.