రక్తంలోంచి కొలెస్ట్రాల్‌ని తీసేది ఎవరు?

నమస్తే అండీ. 1984లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఒక ఆరేళ్ల పాపకి గుండె, లివర్ రెండూ ఒకేసారి మార్చారు. కొలెస్ట్రాల్ పేరుకుని గుండె దెబ్బతింది కాబట్టి గుండె మార్చడం సరే, మరి లివర్ ఎందుకు?

కొలెస్ట్రాల్ నూనెలాంటిది, రక్తంలో కరగదు, అందుకే శరీరం దాన్ని సన్నటి ఉండలుగా చుట్టి తిప్పుతుంది. వాటిలో ఒక రకమే మన రిపోర్టులో కనిపించే ఎల్‌డీఎల్. ఒక్కో ఉండలో 1,500కు పైగా కొలెస్ట్రాల్ అణువులు, పైన చుట్టుకుని అపోబీ అనే ఒక పెద్ద ప్రొటీన్. కణం మీదున్న ఎల్‌డీఎల్ రిసెప్టర్ అనే ఇంకో ప్రొటీన్ ఆ అపోబీని గుర్తుపట్టి పట్టుకుంటుంది. అక్కడ కణం పొర గుంటలా కుంగి, సంచిలా మూసుకుని, రిసెప్టర్‌నీ ఉండనీ కలిపి లోపలికి లాగేస్తుంది. సంచిలో ఆమ్లం పెరగ్గానే పట్టు వదులుతుంది, ఉండ అరిగిపోవడానికి అటు పోతుంది, రిసెప్టర్ మాత్రం తట్ట దించేసి వచ్చే కూలీలా మళ్లీ పైకొస్తుంది. ఒక్క ట్రిప్పుకి పది నిమిషాలే!

ఈ పని ఎక్కువగా జరిగేది లివర్‌లో. ఆ పాపకి అమ్మ నుంచీ నాన్న నుంచీ కూడా పాడైన రిసెప్టర్ జీనే వచ్చింది, అంటే కొత్త గుండె ఒక్కటే పెడితే అదీ పూడుకుపోయేది. లివర్ మార్చాక ఎల్‌డీఎల్ 988 నుంచి 184కి దిగింది.

ఈ రిసెప్టర్‌ని కనిపెట్టింది డల్లాస్‌లో మైకేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్, 1985లో నోబెల్ వచ్చింది. వాళ్లు చూసిన కేసుల్లో నన్ను బాగా కదిలించింది ఒకటుంది: ఒక పేషెంట్ కణాల్లో రిసెప్టర్ ఎల్‌డీఎల్‌ని చక్కగా పట్టుకుంటుంది, కానీ లోపలికి వెళ్లదు. రిసెప్టర్ తోక భాగంలో ఒక్క అమైనో ఆమ్లం మారిందంతే, గుంట దగ్గరికి చేరలేక పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయింది.

ఇక కొలెస్ట్రాల్ తగ్గడానికి ఇచ్చే స్టాటిన్ మాత్రలు. చాలామంది అనుకున్నట్టు అవి రక్తంలో కొలెస్ట్రాల్‌ని కరిగించవు. లివర్ సొంతంగా చేసుకునే కొలెస్ట్రాల్‌ని తగ్గిస్తాయి, దాంతో లివర్‌కి కొరత వచ్చి, రక్తంలోంచి లాక్కోడానికి ఇంకా రిసెప్టర్లు తయారుచేస్తుంది. రిపోర్ట్ నార్మల్ వచ్చిందని డాక్టర్‌ని అడగకుండా మాత్ర మానేస్తే ఆ అదనపు రిసెప్టర్లు పోతాయి, కొన్ని వారాల్లో అంకె మళ్లీ మొదటికొస్తుంది.

పీసీఎస్‌కే9 అనే ప్రొటీన్ ఇంకోటుంది, అది రిసెప్టర్‌కి అతుక్కుని పైకి రానివ్వదు, ఉండతో పాటే అరిగిపోయేలా చేస్తుంది. కొత్త ఇంజెక్షన్లు అడ్డుకునేది దీన్నే.

ఆ పాపలా రెండు వైపుల నుంచీ కాక, అమ్మ నుంచో నాన్న నుంచో ఒక్క పాడైన జీన్ మాత్రమే వచ్చినవాళ్లు సుమారు 250 మందికి ఒకరుంటారు, చాలామందికి ఆ సంగతే తెలియదు. మీ ఇంట్లో ఎవరికైనా మందులు మొదలుపెట్టకముందే ఎల్‌డీఎల్ 190 దాటి ఉంటే, చిన్న వయసులో గుండెపోటు వచ్చి ఉంటే, దయచేసి అన్నదమ్ములకీ అక్కచెల్లెళ్లకీ పిల్లలకీ కూడా లిపిడ్ ప్రొఫైల్ చేయించండి.