మెడ టక్కుమంటే చెవుడు పోతుందా?

నమస్కారమండీ. క్షవరం అయిపోయాక తలకి నూనె పెట్టి, దబదబా మర్దన చేసి, చివర్లో ఒక చేత్తో గడ్డం, ఇంకో చేత్తో నడినెత్తి పట్టుకుని మెడని అటొకసారి ఇటొకసారి టక్కుమనిపించే సెలూన్ మీకూ తెలిసే ఉంటుంది. నాకది పాతికేళ్ల అలవాటు. ఆ చప్పుడు వినిపిస్తే ప్రాణం లేచొచ్చినట్టుంటుంది, వినపడకపోతే పని సగంలో ఆగినట్టుంటుంది. ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు, ఇదే చప్పుడు. కాకపోతే అక్కడ మనిషిని బల్ల మీద పడుకోబెట్టి మెలితిప్పే ఆయన్ని కైరోప్రాక్టర్ అంటారు, గ్యాసూ బీపీ సైనసూ అన్నీ వెన్నుపూస జరగడం వల్లే వచ్చాయని, దాన్ని సర్దితే పోతాయని చెబుతారు.

ఈ మాట ఎక్కడ పుట్టిందో చెప్తాను, కథ బావుంటుంది. అమెరికాలో అయోవా రాష్ట్రం, మిసిసిపీ ఒడ్డున డావెన్‌పోర్ట్ అనే ఊరు. అక్కడ డేనియల్ డేవిడ్ పామర్ అనే ఆయన అయస్కాంత వైద్యం పేరుతో చేతులు తాకించి రోగాలు నయం చేస్తానని బోర్డు పెట్టుకున్నాడు. ఆ భవనం ఊడ్చి తుడిచే మనిషి హార్వీ లిలార్డ్‌కి 17 ఏళ్లుగా చెవుడు. ఎప్పుడో వంగి పని చేస్తుంటే వీపులో ఏదో కలుక్కుమంది, అప్పట్నుంచీ వినపడడం లేదు అన్నాడట. పామర్ వీపు తడిమి, ఒక పూస పైకి తేలి ఉందని గమనించి, గట్టిగా నొక్కి లోపలికి పంపాడు, వినికిడి వచ్చేసింది! 1895 సెప్టెంబర్ 18న ఇది జరిగిందంటారు. లిలార్డ్ కూతురు మాత్రం తర్వాత వేరేగా చెప్పింది. వాళ్ల నాన్న వరండాలో ఎవరికో జోక్ చెబుతుంటే పామర్ విని, పగలబడి నవ్వి, చేతిలో ఉన్న పుస్తకంతో ఆయన వీపు మీద ఫెడీమని ఒకటిచ్చాడట, కొన్ని రోజులకి చెవి కాస్త మెరుగైనట్టుంది అని ఆయన అన్నాడట. ఏది నిజమో మనం ఇప్పుడు తేల్చలేం. ఏది నిజమైనా, ఆ ఒక్క వీపు చూసి పామర్ నూటికి 95 రోగాలకి జరిగిన పూసలే కారణం అని రాసేశాడు చూడండి, నన్ను ఆశ్చర్యపరిచేది అదే.

జరిగిన పూస నరాన్ని నొక్కుతుంది, నరం నొక్కుకుంటే అవయవం పాడవుతుంది, ఇదీ ఆయన లెక్క. వినడానికి సబబుగానే ఉంది. ఇంట్లో పైపు వంగితే కుళాయికి నీళ్లు రానట్టు. కానీ చెవి నుంచి వచ్చే వినికిడి నరం అసలు వెన్నులోకే దిగదండీ, లోపలి చెవి నుంచి పుర్రె లోపలే నేరుగా మెదడు కాండానికి వెళ్లిపోతుంది. గుండెకీ, ఊపిరితిత్తులకీ, జీర్ణాశయానికీ వెళ్లే వేగస్ నరం కూడా మెదడు నుంచే బయల్దేరి మెడ పక్కగా దిగుతుంది, పూసల మధ్య నుంచి రాదు. ఇంకొకటి, 1967లో కేప్‌టౌన్‌లో క్రిస్టియాన్ బర్నార్డ్ మొదటిసారి మనిషి గుండె మార్చినప్పటి నుంచీ ఇప్పటిదాకా, మార్పిడి చేసేటప్పుడు రక్తనాళాలు కుడతారు గానీ నరాలు కలపరు. బయటి నుంచి ఒక్క నరం కలపకుండానే ఆ గుండె కొట్టుకుంటుంది. కిడ్నీ సంగతీ అంతే.

అలాగని వెన్నుకీ అవయవాలకీ సంబంధమే లేదని కాదు. మూత్రం, మలం ఆపుకునే శక్తి వెన్ను అడుగు భాగం నుంచి వచ్చే నరాల చేతిలో ఉంది. నడుం నొప్పితో పాటు మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా, కూర్చునే చోట మొద్దుబారినా అది మాలిష్‌లతో తగ్గేది కాదు, ఆ పూటే ఆసుపత్రికి పరిగెత్తాలి.

అన్నట్టు, ఈ సిద్ధాంతం ఊరూరా పాకడంలో రేడియోకీ వాటా ఉంది! పామర్ కొడుకు బి.జె. పామర్ 1922లో డబ్ల్యూఓసీ అనే స్టేషన్‌ను కొని డావెన్‌పోర్ట్‌లో ఈ వైద్యం నేర్పే తమ కాలేజీకి తెచ్చుకున్నాడు. ఆ మూడక్షరాలకి "వండర్స్ ఆఫ్ కైరోప్రాక్టిక్" అని అర్థం చెప్పుకునేవారు. పదేళ్ల తర్వాత అదే స్టేషన్‌లో ఆటల వ్యాఖ్యాతగా చేరిన కుర్రాడు రొనాల్డ్ రీగన్, తర్వాత అమెరికా అధ్యక్షుడైన ఆయనే.

ఇక ఆ టక్కు. అది పూస చోటుకొచ్చిన చప్పుడు కాదు. కీలు మధ్య జిగట ద్రవం ఉంటుంది, కీలు ఒక్కసారిగా విడిపడితే అందులో గాలి బుడగలాంటి ఖాళీ ఏర్పడి చప్పుడవుతుంది. వేళ్లు విరుచుకున్నప్పుడు వచ్చేదీ అదే, అప్పుడు వేళ్లు జరిగాయని మనం అనుకోం కదా. బ్రిటన్‌లో కైరోప్రాక్టర్లను నియంత్రించే మండలే 2010లో చెప్పింది, పూస అలా జరగడం రోగాలకి కారణమని చెప్పుకోవడానికి పరిశోధనల ఆధారం లేదని.

నడుం నొప్పికి మాత్రం ఈ వైద్యం కొందరికి ఉపశమనం ఇస్తుంది, వ్యాయామం, ఫిజియోథెరపీ ఇచ్చినంత. ఆ మాట దాచను. మా అమ్మమ్మగారి ఊళ్లో నడుం పట్టేస్తే ఎదురుకాళ్లతో పుట్టినవాళ్ల చేత తన్నించుకునేవారు. నేను చూసినప్పుడు తన్నిన కుర్రాడికి సిగ్గు, తన్నించుకున్న పెద్దాయనకి మూడో రోజుకి నొప్పి మాయం. పట్టేసిన నడుం చాలామందికి కొన్ని రోజుల్లో, మహా అయితే కొన్ని వారాల్లో తనంతట తానే సర్దుకుంటుంది మరి, పేరు మాత్రం ఆఖర్న చెయ్యేసినవాడికి, కాలేసినవాడికి పోతుంది.

మెడ దగ్గర మాత్రం నాకు నిజంగా భయం. మెదడుకి రక్తం తీసుకెళ్లే రెండు ధమనులు మెడపూసల పక్క రంధ్రాల్లోంచే పైకి వెళ్తాయి. మెడని ఒక్క ఉదుటున తిప్పినప్పుడు, అరుదుగానే అనుకోండి, లోపలి పొర చిరిగి, అక్కడ రక్తం గడ్డకట్టి, పక్షవాతం వచ్చినవాళ్లున్నారు. అందులో చిన్న వయసువాళ్లూ ఉన్నారు. విపరీతమైన మెడనొప్పి, కళ్లు తిరగడం, మాట తడబడడం, అడుగు తూలడం కనిపిస్తే పడుకుంటే తగ్గుతుందిలే అని ఆగకండి.

పోయిన ఆదివారం క్షవరానికి వెళ్లాను. మర్దన అయ్యింది, గడ్డం కింద చెయ్యి పడింది. "మెడ వద్దు బాబూ, తల ఇంకో రెండు నిమిషాలు నొక్కు" అన్నాను. అద్దంలో నా మొహం కేసి చూశాడు. "ఏం సార్, నాకు పని రాదనుకున్నారా?" అన్నాడు, కాస్త నొచ్చుకుని.