లాప్‌టాప్ మూసినా ముగియని పని

నమస్కారం. ఇంటి నుంచి పనిచేసేవారి మానసిక ఆరోగ్యం అనగానే ధ్యానం చేయండి, నీళ్లు తాగండి, మొక్కలు పెంచండి అన్న సలహాలే ఎక్కువగా వినిపిస్తాయి. అవి చెడ్డవేమీ కావు గాని, అసలు చిక్కు మరోచోట ఉందని నా అభిప్రాయం. ఆఫీసులో పనికి ఒక గుమ్మం ఉంటుంది. సాయంత్రం ఆ గుమ్మం దాటాక దారిలో కొంతసేపు ఎవరికీ జవాబు చెప్పనక్కరలేదు. ఇల్లు చేరేసరికి పగలు జరిగిన వాదనల వేడి కొంతైనా చల్లారుతుంది. ఆ ప్రయాణాన్ని మనం ఎంత విసుక్కున్నా, ఉద్యోగిని మళ్లీ ఇంటిమనిషిగా మార్చే పని అదే చేసేది. ఇప్పుడు ఆ దారి లేదు.

నా సంగతే చెబుతాను. మొదట్లో భోజనాల బల్లే నా ఆఫీసు. ఏడున్నరకు లాప్‌టాప్ మూసి, దాన్ని ఒక మూలకు జరిపి, అదే కుర్చీలో భోజనానికి కూర్చునేవాణ్ణి. ముద్ద నోటికి చేరేలోపే ఫోను తెర వెలిగేది. ఎడమచేత్తో అందుకుని చూస్తే, మర్నాడు చూసినా సరిపోయే సందేశం. చూసినట్లు అవతలివారికి తెలిసిపోతుంది కనుక జవాబిచ్చేవాణ్ణి. ఇచ్చాక దానికి మరో ప్రశ్న వచ్చేది. ఇలా కొన్ని నెలలు గడిచాక, బల్ల మీద మూసి ఉన్న లాప్‌టాప్‌ను చూసినా గుండె బరువెక్కడం మొదలైంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నవుట్‌ను వ్యాధిగా కాక, అదుపు చేయకుండా వదిలేసిన పని ఒత్తిడి ఫలితంగా నిర్వచించింది. శక్తి హరించుకుపోవడం, పని పట్ల విముఖత, చేస్తున్నది సరిగా చేయలేకపోతున్నామన్న భావన దాని లక్షణాలు. వీటిలో రెండోదాన్ని మనం తరచూ బద్ధకమని పొరబడి, మనల్ని మనమే నిందించుకుంటాం.

ఒంటరితనం సంగతి వేరు. చైనాలోని సీట్రిప్ అనే ప్రయాణ సేవల సంస్థలో 2010 చివర మొదలై తొమ్మిది నెలలు సాగిన ప్రయోగంలో, ఇంటి నుంచి పనిచేసినవారి పనితీరు 13 శాతం మెరుగుపడింది. అయినా ఇల్లా, ఆఫీసా అని మళ్లీ ఎంచుకోమన్నప్పుడు, ముందు తామే కోరి వచ్చినవారిలో సుమారు సగం మంది మనసు మార్చుకున్నారు. వారు చెప్పిన ముఖ్య కారణాల్లో ఒంటరితనం ఒకటి. వీడియో సమావేశాలు ఈ లోటు తీర్చవు. గంటల తరబడి తెర మీద మన ముఖాన్ని మనమే చూసుకోవడం అదనపు అలసట, కనుక ఆ చిన్న కిటికీని కనబడకుండా చేయండి. రోజుకు ఒక్కరికైనా పని ప్రస్తావన లేని ఫోను చేయండి.

ఇక గుమ్మం. నేను పని ముగించేముందు రేపు మొదట చేయవలసింది ఏమిటో కాగితం మీద ఒక్క వాక్యం రాసి, లాప్‌టాప్‌ను ఛార్జరుతో సహా సంచిలో పెట్టి జిప్పు వేస్తాను. తర్వాత పావుగంట బయట నడిచి, ఆఫీసు నుంచి వస్తున్నట్లే ఇంట్లోకి వస్తాను. ఇంట్లోవాళ్లు మొదట నవ్వారు. అయితే దిగులు, నిద్రలేమి రెండు వారాలు దాటినా వీడకపోతే ఈ చిట్కాలతో కాలం గడపకుండా వైద్యుణ్ణి కలవాలి.

రాత్రి పదింటికి పై అధికారి సందేశం పంపుతుంటే మాత్రం, ఏ నడకా సరిపోదు. ఫ్రాన్స్‌లో పని వేళల తర్వాత ఆఫీసు ఫోన్లకు, సందేశాలకు దూరంగా ఉండే హక్కు 2017 జనవరి నుంచి చట్టంలోనే ఉంది. అటువంటి చట్టం లేనిచోట మనమే అడగాలి. “ఏడు తర్వాత వచ్చే సందేశాలకు ఉదయం జవాబిస్తాను, అత్యవసరమైతే ఫోను చేయండి” అని నేను బృందానికి రాయడానికి మూడు రోజులు తటపటాయించాను. ఆ తర్వాతి నెలలో ఏడు దాటాక వచ్చిన ఫోన్లు రెండే.