తొమ్మిది వందల యూరోల తివాచీ

ముందు స్క్రీన్ మీద ఈ మూడు అంకెలు చూడండి. 900 యూరోలు. 19,700 యూరోలు. 62 లక్షల పౌండ్లు. ఇవి మూడు తివాచీల ధరలు కావు, ఒకే తివాచీవి. మొదటి అంకెకీ చివరి అంకెకీ మధ్య ఏడాది కూడా గడవలేదు.

జర్మనీలో ఆగ్స్‌బర్గ్ అనే ఊరుంది. 2009లో అక్కడి ఒక వేలం సంస్థ ఈ తివాచీని అమ్మకానికి పెట్టింది. వాళ్లు వేసిన అంచనా 900 యూరోలు, అంటే అప్పటి మన డబ్బులో అరవై వేల పైచిలుకు. తీరా వేలంలో అది 19,700 దాకా పోయింది. అమ్మినావిడ ఆ రోజు సంతోషంగానే ఇంటికెళ్లి ఉంటారు. 2010 ఏప్రిల్‌లో అదే తివాచీ లండన్‌లో క్రిస్టీస్ వేలానికి వచ్చింది. వాళ్ల అంచనా రెండు నుంచి మూడు లక్షల పౌండ్లు. పలికింది 62 లక్షలు! మన లెక్కలో నలభై కోట్ల పైమాటే.

ఇంతకీ ఏముంది అందులో? అది ఇరాన్‌లోని కెర్మాన్‌లో, సఫావీ రాజుల కాలంలో, పదిహేడో శతాబ్దంలో నేసింది. పొడవు మూడు మీటర్ల పైన, వెడల్పు మీటరున్నర. ఒంటినిండా ఆకుల డిజైను. ఒకప్పుడు పారిస్‌లో కళాఖండాలు సేకరించిన మార్టిన్ ద బేహాగ్ అనే కౌంటెస్, అంటే జమీందారిణి లాంటావిడ, దగ్గర ఉండేది. ఈ రకాన్ని 'వాజ్ తివాచీ' అంటారు, వాజ్ అంటే పూలకుండీ. ఆ బొమ్మ లేకపోయినా ఆ పేరే, ఎందుకంటే అసలు గుర్తు బొమ్మలో లేదు, నేతలో ఉంది.

అది ఎలాగో చూపిస్తాను, కెమెరా కాస్త దగ్గరికి తీసుకురా తమ్ముడూ. నా చేతిలో ఉన్నది మామూలు పాత ముక్కే, భయపడకండి. తివాచీని ఇలా వెనక్కి తిప్పండి. ఈ గింజల్లాంటివి ముడులు. ఒక వరుస ముడులు వేశాక పేక దారం, అంటే అడ్డంగా పోయే దారం, నడిపి గట్టిగా దిగ్గొడతారు. కెర్మాన్ వాజ్ నేతలో వరుసకి మూడు పేకలు ఉంటాయి. మొదటిదీ మూడోదీ ఉన్ని, బిగించి లాగుతారు. మధ్యది సన్నటి పట్టు గానీ నూలు గానీ, అది వదులుగా అలలా పోతుంది. పైన ఉన్ని అరిగిపోయిన చోట ఆ సన్న దారం అడ్డగీతల్లా బయటపడుతుంది. కొత్తవాడికి అది చిరుగులా కనిపిస్తుంది, తెలిసినవాడికి అదే అడ్రస్!

ఇంకో గుర్తు కూడా చూడండి. నలుపు, ముదురు గోధుమ రంగులున్న చోట వేలితో రుద్ది చూడండి, పక్కరంగుల కన్నా పల్లంగా తగులుతుంది. ఆ రంగుకి వాడిన ఇనుము ఏళ్లు గడిచేకొద్దీ ఉన్నిని తినేస్తుంది. కుచ్చులు కూడా గమనించండి. అవి పడుగు దారాల, అంటే నిలువు దారాల, కొసలే అయి ఉండాలి. విడిగా కుట్టి ఉంటే అక్కడ రిపేరు జరిగినట్టే.

మళ్లీ ఆ 900 దగ్గరికి వద్దాం. నన్ను అడిగితే అసలు విషయం 62 లక్షల్లో లేదు, 19,700లో ఉంది. వేలంలో ధర పెరగాలంటే తెలిసినవాడు ఒక్కడు చాలడు, ఇద్దరు ఉండాలి. ఒక్కడే ఉంటే వెయ్యికో పదిహేను వందలకో చంకన పెట్టుకుని పోయేవాడు. అంటే ఆ రోజు ఆగ్స్‌బర్గ్‌లో కనీసం ఇద్దరికి అనుమానం వచ్చింది. లండన్‌లో అయితే కేటలాగే అందరికీ చెప్పేసింది.

ఆగ్స్‌బర్గ్‌లో తివాచీ అమ్మినావిడ, అంచనా తప్పు వేశారంటూ ఆ వేలం సంస్థ మీద కోర్టుకి వెళ్లారు. అన్ని రకాల సామాన్లూ అమ్మే వేలందారు నుంచి తివాచీ నిపుణుడికి ఉండే పరిజ్ఞానం ఆశించలేమంటూ 2012లో కోర్టు కేసు కొట్టేసింది. చట్టప్రకారం సరే కావచ్చు గానీ, అంచనాకి ఇరవై రెట్లు పలికిన రోజున ఒక్కసారి ఆగి 'ఎందుకు?' అని ఎవరైనా అడిగి ఉంటే బాగుండేది.

అన్నట్టు, తివాచీల వేలంలో ఆ 62 లక్షల పౌండ్ల రికార్డు కూడా నిలవలేదు. 2013 జూన్‌లో న్యూయార్క్‌లో సోత్‌బీస్ అనే వేలం సంస్థ వాళ్లు ఇంకో కెర్మాన్ తివాచీ అమ్మారు. రాగి గనుల యజమాని, సెనేటర్ విలియం క్లార్క్ వాషింగ్టన్‌లోని కోర్కొరాన్ గ్యాలరీకి రాసిచ్చినది అది. అంచనా 50 నుంచి 70 లక్షల డాలర్లు, పలికింది 3 కోట్ల 37 లక్షలు. అక్కడా పట్టు వదలనివాళ్లు ఇద్దరు దొరికారన్నమాట.

మీ ఇంట్లో అటక మీద పాత తివాచీ ఉంటే ఫొటో పంపండి, వెనకవైపుది. ధర మాత్రం నన్ను అడగొద్దు.