మూలుగ ఎండిపోయినప్పుడు

అందరికీ నమస్కారం.

వానాకాలం వచ్చిందంటే మన హైదరాబాద్‌లో, రక్తం కారకుండా ఆపే కణాలైన ప్లేట్‌లెట్ల మాట వినిపించని ఇల్లుండదు. డెంగీలో పడిపోయిన కౌంట్ చాలామందిలో వారం పది రోజుల్లో దానంతటదే లేస్తుంది. ఆలోగా బొప్పాయి ఆకు రసం పట్టిస్తే, దానివల్లే లేచిందని నమ్ముతాం. నేను ఈరోజు చెప్పేది దానంతటది లేవని కౌంట్ గురించి.

నల్లి బొక్క తిన్నవాళ్లకు మూలుగ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మన తుంటి, రొమ్ము ఎముకల్లోని ఎర్ర మూలుగలోనే ప్లేట్‌లెట్లు పుడతాయి. ఒక్కోటి బతికేది 7 నుంచి 10 రోజులే. తయారీ ఆగిందా, ఆ కాస్త నిల్వా అడుగంటుతుంది. అప్లాస్టిక్ అనీమియాలో మూలుగ ఎండి కొవ్వు మిగులుతుంది. ఎండీఎస్ అనే మూలుగ జబ్బులో కణాలు సరిగా ఎదగవు. లుకేమియాలో క్యాన్సర్ కణాలు చోటంతా ఆక్రమిస్తాయి.

మొన్నామధ్య ఒకమ్మ 19 ఏళ్ల కొడుకును తీసుకొచ్చింది. పిక్కల మీద చీమలు కుట్టినట్టు ఎర్రటి చుక్కలు. వేలితో నొక్కి చూశాను, పాలిపోలేదు, అంటే చర్మం కింద రక్తం చిమ్ముతోంది. పళ్లు తోముకుంటే బ్రష్ ఎర్రబడుతోందట. కౌంట్ 8 వేలు. హిమోగ్లోబిన్, తెల్లకణాలు కూడా పడిపోయాయి. అప్పటికే మూడు వారాలుగా ఆకు రసం తాగిస్తున్నారు, మూడుసార్లు ప్లేట్‌లెట్లు ఎక్కించారు. ఎక్కించినప్పుడల్లా లేచి, నాలుగు రోజులకు మళ్లీ పడేది. మూలుగ పరీక్ష మాత్రం చేయించలేదు. "వెన్నులో సూది గుచ్చితే కాళ్లు పడిపోతాయంటున్నారు సార్" అందామె. అమ్మా, ఆ సూది వెన్నుపూసలోకి వెళ్లనే వెళ్లదు. నడుం కింద తుంటి ఎముకలోకి, ఆ చోట మత్తిచ్చి గుచ్చుతాం. కౌంట్ తక్కువున్నా చేయొచ్చు, తర్వాత గట్టిగా ఒత్తిపెడతాం. పోయిన ఆ మూడు వారాలు తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

ప్లేట్‌లెట్లు ఎక్కించడం చేబదులు లాంటిది. రక్తం కారుతుంటే ఎక్కిస్తాం. కారకపోయినా కౌంట్ 10 వేల లోపు పడితే, జ్వరముంటే 20 వేల లోపు పడినా ఎక్కిస్తాం. అసలు వైద్యం జబ్బును బట్టి ఉంటుంది. తీవ్రమైన అప్లాస్టిక్ అనీమియాలో చిన్న వయసు వాళ్లకు తోబుట్టువు మూలుగ సరిపోతే మార్పిడే మొదటి దారి. పంజగుట్ట నిమ్స్‌లోనూ మార్పిడులు చేస్తున్నారు. ఒక్కో తోబుట్టువుది సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతు. కుదరకపోతే, మూలుగ మీద దాడి చేసే రోగనిరోధక శక్తిని అణచే ఏటీజీ, సైక్లోస్పోరిన్ మందులు, వాటికి తోడు మూలుగను తట్టిలేపే ఎల్‌ట్రోంబోపాగ్ మాత్రలు. ఫలితం కనబడేసరికి మూడు నుంచి ఆరు నెలలు పడుతుంది. ఆ నెలలు గట్టెక్కించడమే మా అసలు పని. ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ జోలికి పోవద్దు. జ్వరం 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటితే తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆసుపత్రికి రండి.

ఆ అబ్బాయి వాళ్ల అన్నయ్య వెంటనే చొక్కా చెయ్యి మడిచి "నావి తీసుకోండి సార్" అన్నాడు. వద్దన్నాను. రేపు నీ మూలుగే కావాల్సి రావచ్చు నాన్నా, నీ ప్లేట్‌లెట్లు ముందే ఎక్కిస్తే తమ్ముడి ఒళ్లు నీ కణాలను ఎదిరించడం నేర్చుకుంటుంది అని చెప్పాను. అందుకే ఆ తమ్ముడికి పరాయివాళ్ల చేతులు కావాలి. ప్లేట్‌లెట్లు తీసే మిషన్ పక్కన గంటా గంటన్నర కూర్చుంటే చాలు. తీసిన సంచి 22 డిగ్రీల సెల్సియస్ దగ్గర, ఊగే అరలో ఉంచినా 5 రోజులకు మించి నిలవ ఉండదు. సంక్రాంతికి నగరం ఊళ్లకు వెళ్లిపోయినప్పుడు ఆ అరలు ఖాళీ అవుతాయి. ఈసారి ఇక్కడే ఉండేవాళ్లు ఎవరో చేతులెత్తండి, పేర్లు రాసుకుంటాం.