ఎందుకు చచ్చానో చెప్పే ఆట

అందరికీ నమస్కారం. గేమ్ డిజైన్ నేర్చుకుంటున్న మీ ముందు నాకు ఇష్టమైన ఒక ఆట గురించి మాట్లాడమని అడిగారు. నేను డూమ్ ఎటర్నల్ ఎంచుకున్నాను. అది నాకు అన్నిటికన్నా హాయినిచ్చిన ఆట కాదు. నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించిన ఆట. అయినా మూడుసార్లు మొదలు నుంచి చివరిదాకా ఆడాను. ఎందుకు ఆడానో చెప్పడానికే వచ్చాను.

ముందు ఈ నోట్‌బుక్ చూడండి. వెనక వరసల్లో ఉన్నవాళ్లకి కనిపించకపోతే తర్వాత చేతికిస్తాను. ప్రతి పేజీలో మూడు గళ్లు గీసి ఉన్నాయి. మొదటి గడిలో లెవల్ పేరు, రెండో గడిలో నన్ను చంపింది ఎవరు, మూడో గడిలో కారణం. ఆటలో నేను చచ్చిన ప్రతిసారీ ఆపి, పెన్ను తీసి, ఒక వరస రాసుకున్నాను. మొదటిసారి ఆట పూర్తయ్యేసరికి 412 వరసలయ్యాయి.

ఈ ఆట 2020 మార్చి 20న వచ్చింది. రెండు రోజులకి జనతా కర్ఫ్యూ, 25 నుంచి లాక్‌డౌన్. నేను మా ఊళ్లో ఇరుక్కుపోయాను. తమ్ముడి గదిలో వాడి కంప్యూటర్, వేసవి ఉక్కపోత, ఎప్పుడు పోతుందో తెలియని కరెంటు. బయట ఏం జరుగుతోందో, ఎందుకు జరుగుతోందో ఎవరికీ అంతుపట్టని రోజులవి. అలాంటప్పుడు ప్రతి దెబ్బకీ కారణం ఉండే చోటు ఒకటి దొరకడం నాకు చాలా పెద్ద విషయమైంది. నోట్‌బుక్ పెట్టింది అందుకే అనుకుంటాను.

ఆట తెలియనివాళ్ల కోసం కొంచెం చెబుతాను. డూమ్ మొదటి ఆటను 1993 డిసెంబరులో అమెరికాలోని టెక్సస్‌లో ఉన్న ఇడ్ సాఫ్ట్‌వేర్ అనే చిన్న బృందం విడుదల చేసింది. మన కళ్లతోనే చూస్తున్నట్టు, చేతిలో తుపాకీతో పరిగెడుతూ రాక్షసుల్ని కాల్చే ఆటలకు అది దారి వేసింది. అదే సంస్థ 2016లో డూమ్‌ని కొత్తగా తీసింది, నాలుగేళ్లకి ఎటర్నల్ ఇచ్చింది. కథ ఏమిటంటే, నరకం భూమ్మీదికి వచ్చిపడింది, మీరు దాన్ని ఆపాలి. కథ గురించి నేను ఇంతకన్నా చెప్పను, దానికోసం ఈ ఆట ఆడేవాళ్లు తక్కువ.

అసలు విషయం ఆట లెక్కలో ఉంది. చాలా తుపాకీ ఆటల్లో దెబ్బ తగిలితే గోడ చాటుకి వెళ్లి నాలుగు క్షణాలు ఆగుతాం. ప్రాణం దానంతటదే నిండుతుంది. ఇందులో నిండదు. గోడ వెనక ఎంతసేపు నించున్నా మీకు వచ్చేదేమీ లేదు, శత్రువులు చుట్టుముట్టడం తప్ప. ప్రాణం కావాలంటే దెబ్బలు తిని తూలుతున్న రాక్షసుడి దగ్గరికి వెళ్లి చేతులతో చంపాలి. తూటాలు కావాలంటే చెయిన్‌సా, అంటే రంపంతో ఒకణ్ని కోయాలి. కవచం కావాలంటే భుజం మీదున్న పరికరంతో వాళ్ల మీద మంట ఊది, మండుతున్నవాళ్లని కొట్టాలి. మీకు కావాల్సినదంతా మిమ్మల్ని చంపడానికి వస్తున్నవాడి ఒంట్లోనే ఉంది. కాబట్టి పారిపోవడం కుదరదు. ప్రమాదంలోకే పరిగెత్తాలి.

తూటాలు కూడా కావాలనే తక్కువ ఇచ్చారు. షాట్‌గన్‌కి అన్ని మెరుగులూ పెట్టుకున్నాక కూడా మోయగలిగేది 24 తూటాలే. రెండు గొట్టాల సూపర్ షాట్‌గన్ ఒక్క దెబ్బకి రెండేసి తింటుంది. పన్నెండుసార్లు మీట నొక్కారంటే ఖాళీ. 2016 ఆటలో నేను ఆ ఒక్క తుపాకీతోనే దాదాపు ఆటంతా లాగేశాను. ఎటర్నల్‌లో అది సాగదు. ప్రతి తుపాకీకీ ఒక పని అప్పజెప్పారు. గాల్లో తేలే కాకోడెమన్ అనే రాక్షసి నోరు తెరిచినప్పుడు అందులోకి గ్రెనేడ్ వేస్తే మింగి తూలిపోతుంది. మిగతా రాక్షసుల్లో మాంక్యుబస్ చేతులకున్న ఫిరంగులు, రెవెనెంట్ భుజాల మీది తుపాకులు, అరాక్నొట్రాన్ వీపు మీది గన్ ముందే పగలగొట్టొచ్చు. ఏది ముందు, ఏది తర్వాత అని మీరు క్షణంలో తేల్చుకోవాలి. ఆ క్షణంలోనే ఎడమవైపు నుంచి ఇంకొకడు దూకుతాడు.

చిన్నప్పుడు మా తాతయ్య నన్ను అష్టావధానాలకి తీసుకెళ్లేవారు. పద్యాలు నాకు సగం అర్థమయ్యేవి కావు. కానీ అవధాని గారి ముఖం చూస్తూ కూచునేవాణ్ని. ఒకరు సమస్య ఇస్తారు, ఒకరు దత్తపది ఇస్తారు, మధ్యలో గంట కొడుతుంటే లెక్క పెట్టుకోవాలి, ఇంతలో అప్రస్తుత ప్రసంగం చేసే ఆయన సంబంధం లేని ప్రశ్న వేసి ధార తెంచడానికి చూస్తారు. ఒక్కటి కూడా జారిపోకూడదు. డూమ్ ఎటర్నల్ మొదటిసారి నాకు వంటబట్టిన రాత్రి ఆ ముఖమే గుర్తొచ్చింది. రంపంలో ఇంధనం నిండిందా, మంట తయారైందా, గ్రెనేడ్ ఉందా, రెండు డ్యాష్‌లూ (అంటే ఒక్క ఉదుటున దూసుకెళ్లే అవకాశాలు) మిగిలున్నాయా, చేతిలో ఏ తుపాకీ ఉంది, వెనక ఎవరున్నారు. ఇవన్నీ ఒకేసారి బుర్రలో ఆడుతుంటే వేళ్లు వాటంతటవి కదులుతాయి. అక్కడికి చేరిన ఆటగాడికి అలసట తెలియదు. అక్కడికి చేరడానికి మాత్రం నాకు దాదాపు మూడు వారాలు పట్టింది.

ఇప్పుడు మరాడర్ అనే శత్రువు దగ్గరికి వద్దాం. ఆడినవాళ్లు నవ్వుతున్నారు, నాకు తెలుసు.

ఆర్క్ కాంప్లెక్స్ అనే లెవల్ చివర వీడు మొదటిసారి ఎదురవుతాడు. ఒక చేతిలో గొడ్డలి, ఇంకో చేత్తో షాట్‌గన్, ముందు మెరిసే డాలు. అప్పటిదాకా ఆట నేర్పిందేమిటి? దూసుకెళ్లు, ఆగకు, ఎడాపెడా కొట్టు. ఇక్కడ అలా చేస్తే చస్తారు. మీరు కాల్చినదంతా డాలు మింగేస్తుంది. ఆటలోకెల్లా పెద్ద ఆయుధం బీఎఫ్‌జీ పేల్చినా అడ్డుకుంటాడు. మరీ దగ్గరికెళ్తే షాట్‌గన్‌తో పేలుస్తాడు. మరీ దూరం పోతే గొడ్డలితో మంటల కెరటం విసురుతాడు. డాలు మీద కాలుస్తూ కూచుంటే దెయ్యపు తోడేలుని వదులుతాడు. మధ్య దూరంలో, డ్యాష్ అందేంత దూరంలో నించుంటే గొడ్డలి ఎత్తి మీదికొస్తాడు. కొట్టబోయే ముందు కళ్లు ఆకుపచ్చగా మెరుస్తాయి, ఒక శబ్దం వస్తుంది. ఆ రెప్పపాటులో మాత్రమే వాడికి దెబ్బ తగులుతుంది.

నోట్‌బుక్‌లో ఆ రాత్రి పేజీ చదువుతాను. "దగ్గరికి పోయాను, కాల్చాడు." "భయపడి దూరం పోయాను, గొడ్డలి." "తోడేలుని చూసుకోలేదు." "పచ్చ మెరిసింది, చేతిలో ప్లాస్మా తుపాకీ ఉంది, మార్చుకునేలోపు అయిపోయింది." "తొందరపడ్డాను." మళ్లీ "తొందరపడ్డాను." ఇదే మాట వరసగా ఆరుసార్లు ఉంది. మొత్తం 31 చావులు, ఒక్క మరాడర్‌తో, ఒక్క రాత్రిలో. తెల్లవారుజామున నాలుగింటికి వాడు మోకాళ్ల మీద కూలినప్పుడు నా చొక్కా చెమటతో తడిసిపోయి ఉంది. లేచి వంటింట్లోకి వెళ్లి నీళ్లు తాగాను. గ్లాసు పట్టుకున్న చెయ్యి వణుకుతోంది.

మరాడర్ వచ్చిన రోజు నుంచీ వాడి మీద గొడవ నడుస్తూనే ఉంది. వీడు ఆట ఊపు చంపేస్తాడని, ఆడేవాణ్ని కట్టేస్తాడని చాలామంది అంటారు. వాళ్ల మాటలో నిజముంది. పది రకాలుగా ఆడే స్వేచ్ఛ ఇచ్చి ఒక్క దారిలోకి నెడితే కోపం రావడం సహజం. కానీ నా నోట్‌బుక్ చూడండి, ఆ 31 వరసల్లో ఒక్క చోట కూడా మూడో గడి ఖాళీగా లేదు. చచ్చిన ప్రతిసారీ ఎందుకు చచ్చానో నాకు తెలుసు. అవధానంలో నిషిద్ధాక్షరి అని ఉంటుంది కదా. అవధాని ఏ అక్షరం వేయబోతున్నారో ఊహించి, అది వాడొద్దని పృచ్ఛకుడు అడ్డుకుంటాడు. అయినా పద్యం నడవాలి, నడుస్తుంది కూడా. నిషేధం ఉన్నా పద్యానికి దారి ఉంటుంది. మరాడర్ పెట్టే నిషేధం అలాంటిదే. దారి ఉంది, ఆ దారి పచ్చరంగులో మెరిసి మరీ కనిపిస్తుంది. వాణ్ని మంచి డిజైన్ అనే అంటాను.

ఒక్కణ్ని ఎదుర్కొన్నప్పుడు అని కలపాలి. తర్వాతి లెవల్స్‌లో వాడు గుంపు మధ్యలో వస్తాడు. నాలుగు దిక్కుల నుంచి మీద పడుతున్నవాళ్లని చూసుకుంటూ ఒక్కడి కళ్ల మెరుపు కోసం కాచుకోవడం కష్టం. అక్కడ నేను నేర్చుకున్నది ఒకటే. ముందు వాణ్ని వదిలేసి పరిగెత్తాలి, చుట్టూ ఉన్నవాళ్లని ఏరేసుకోవాలి, వాడితో లెక్క చివర చూసుకోవాలి. ఇది బాగానే పనిచేస్తుంది, కానీ ఆట దీన్ని ఎక్కడా చెప్పదు.

ఇప్పుడు మంచిది కాని డిజైన్ సంగతి. 412 వరసల్లో 29 చోట్ల కారణం గడిలో "తెలీదు" అని ఉంది. ఆట పూర్తయ్యాక ఆ 29 వరసలే మళ్లీ మళ్లీ చదివాను. ఎక్కువ భాగం రెండు రకాలు. ఒకటి, వెనక్కి డ్యాష్ వేసినప్పుడు కంటికి కనిపించని ఏదో అంచుకి తట్టుకుని ఆగిపోవడం, ఆ క్షణంలో దెబ్బ తినడం. రెండోది, తెర బయట నుంచి ఎవరిదో అగ్నిగోళం వచ్చి తగలడం. పాత డూమ్ నుంచీ ఈ ఆటల్లో ఒక మర్యాద ఉంది. శత్రువు విసిరే అగ్నిగోళాలు మనం చూసి తప్పుకోగలిగేంత నెమ్మదిగా వస్తాయి. చూస్తేనే కదా తప్పుకోవడం. వెనక నుంచి వచ్చేదానికి ఒక చప్పుడో, గుర్తో ఇంకా గట్టిగా ఉండాల్సింది.

ఊదారంగు జిగురు మీద నాకు ఇంకా కోపం ఉంది. కొన్ని చోట్ల నేలంతా అది పరిచి ఉంటుంది. అందులో అడుగు పెడితే గెంతలేరు, డ్యాష్ వేయలేరు, ఈడ్చుకుంటూ నడవాలి. కదలడమే మీ రక్షణ అని గంటల తరబడి నేర్పిన ఆట, ఆ కాళ్లనే కట్టేస్తుంది. మరాడర్ అడ్డుకున్నా బదులుగా ఇంకో దారి చూపిస్తాడు, జిగురు ఏ దారీ చూపదు. అందులో ఆటగాడు కొత్తగా నేర్చుకునేదేమీ లేదు, ఓర్చుకోవడమే. రెండింటికీ తేడా ఇక్కడే ఉంది, మీ ఆటల్లో అడ్డంకి పెట్టేటప్పుడు ఈ రెంటినీ పక్కపక్కన పెట్టుకుని చూడండని నా మనవి.

ఎక్కి దూకే ఘట్టాల మీద చాలామంది విసుక్కున్నారు. నాకు అవి పెద్ద ఇబ్బంది అనిపించలేదు. కిందపడితే కాస్త ప్రాణం పోతుంది, మళ్లీ దగ్గర్లోనే నించోబెడతారు. ఊపిరి తీసుకోవడానికి పనికొచ్చాయి.

అదే ఏడాది అక్టోబరు 20న దీనికి ఏన్షియంట్ గాడ్స్ అనే అదనపు ఆట మొదటి భాగం వచ్చింది. అందులో స్పిరిట్ అనే ఆత్మ ఒకటి రాక్షసుల్ని ఆవహిస్తుంది. ఆవహించినవాడు వేగంగా, మొండిగా తయారవుతాడు. వాణ్ని చంపాక ఆత్మ బయటికొస్తుంది, అది ఇంకొకడిలో దూరేలోపు దాన్ని కూడా చంపాలి. దాన్ని చంపగలిగేది ఒక్కటే, ప్లాస్మా తుపాకీకున్న మైక్రోవేవ్ కిరణం. అది వాడుతున్నంతసేపూ మీ నడక నెమ్మదిస్తుంది. చుట్టూ గుంపు ఉంటే అది నరకమే. నిషిద్ధాక్షరి వేసిన పృచ్ఛకుడు అక్షరంతో పాటు అవధాని నోరు కూడా మూసినట్టు అనిపించింది నాకు. ఇంకొకరికి అలా అనిపించకపోవచ్చు, ఆ భాగాన్ని ప్రాణంగా ఇష్టపడే స్నేహితులు నాకున్నారు.

కష్టం గురించి మీలో కొందరు అడగబోయే ప్రశ్న ఊహించగలను. మా గురి బాగాలేదు, వేళ్లు అంత చురుగ్గా ఆడవు, మేము ఆడగలమా అని. ఆడగలరు. ఇందులో నాలుగు స్థాయిలున్నాయి, ఎప్పుడైనా మధ్యలో మార్చుకోవచ్చు. ఒకే చోట పదేపదే చస్తుంటే సెంటినెల్ కవచం ఇస్తాం, తీసుకుంటారా అని ఆటే అడుగుతుంది. తీసుకుంటే దెబ్బ తక్కువ తగులుతుంది. వద్దంటే మానేస్తుంది. మరాడర్ దగ్గర పట్టుదలకి పోయి నేను వద్దన్నాను. మా తమ్ముడు తీసుకున్నాడు, నాలుగో ప్రయత్నంలో గెలిచాడు, వాడికీ అంతే సంతోషం వేసింది. వాడి సంతోషం ఇసుమంత తక్కువని నేననను. పచ్చ మెరుపు చూసి కొట్టడం వాడు కూడా నేర్చుకునే గెలిచాడు.

ప్రొజెక్టర్ మీద ఆర్క్ కాంప్లెక్స్ చివరి పోరాటం సిద్ధంగా పెట్టాను. ఇంతకుముందు ఎప్పుడూ ఆడనివాళ్లు ముందు రండి, మౌస్ కావాలన్నా కంట్రోలర్ కావాలన్నా రెండూ ఉన్నాయి. మిగతావాళ్లు ఒక కాగితం తీసి మూడు గళ్లు గీసుకోండి. ఆడేవాళ్లు చచ్చిన ప్రతిసారీ మూడో గడి మీరు నింపాలి, వాళ్లని అడక్కుండా, తెర మీద చూసినదాన్ని బట్టి. ఎక్కడ నింపలేకపోయారో ఆ వరసలు నాకివ్వండి, ఈ నోట్‌బుక్‌లో ఇంకా పేజీలున్నాయి.