లారీలకే ఒక రోడ్డు: టోల్ కట్టి వెళితే మిగిలేదెంత? (ఫోన్-ఇన్ కార్యక్రమం)

వ్యాఖ్యాత: శ్రోతలకు నమస్కారం. లారీల కోసమే వేసే టోల్ రోడ్ల గురించి, సరుకు రవాణా లెక్కల గురించి ఈ రోజు మాట్లాడుకుందాం. రవాణా అర్థశాస్త్రం చాలా ఏళ్లు బోధించి రిటైరైన ప్రొఫెసర్ గారు స్టూడియోలో ఉన్నారు. నమస్కారం సార్. కాల్స్ అప్పుడే వచ్చేస్తున్నాయి. హలో, చెప్పండి.

శ్రోత: హలో, నమస్తే సార్. నేను ఇంజనీరింగ్ చదువుతున్నాను. లారీలకే ప్రత్యేకంగా రోడ్డు ఎక్కడైనా ఉందా?

ప్రొఫెసర్: ముందు రెండు విషయాలు విడదీసుకో బాబూ. లారీలు మాత్రమే తిరిగే రోడ్డు ఒకటి. అందరూ తిరిగే రోడ్డు మీద లారీల దగ్గరే టోల్ తీసుకోవడం ఇంకొకటి. చాలామంది ఈ రెండూ కలిపేస్తారు. రెండో రకానికి పెద్ద ఉదాహరణ జర్మనీ. 2005 జనవరి నుంచి అక్కడి పెద్ద హైవేలైన ఆటోబాన్‌ల మీద 12 టన్నులు, ఆపైన ఉన్న లారీలు కిలోమీటర్ల లెక్కన కడుతున్నాయి. ఆ హద్దును 2015లో 7.5 టన్నులకు, 2024 జులైలో 3.5 టన్నులకు దించారు. కార్లకు ఆ టోల్ లేదు. అమెరికాలో రోడ్ ఐలాండ్ రాష్ట్రం కూడా 2018లో లారీలకే టోల్ పెట్టింది. లారీల వాళ్లు కోర్టుకు వెళితే 2022లో ఆగిపోయింది. 2024 చివర్లో అప్పీలు కోర్టు ఆ తీర్పును చాలావరకు మార్చింది. ఇక మొదటి రకం, నిజంగా లారీలకే రోడ్డు, చాలా అరుదు. అమెరికాలోనే ఉన్న టోల్ రోడ్డు, న్యూజెర్సీ టర్న్‌పైక్ కొంచెం దగ్గరగా వస్తుంది. అక్కడ కొంత దూరం ఒక్కో వైపు రెండేసి దారులు. లోపలి దారి కార్లకే, బయటి దారిలో లారీలూ వెళ్తాయి, కార్లూ వెళ్తాయి.

శ్రోత: ఎందుకు సార్ అరుదు?

ప్రొఫెసర్: ఖర్చు పంచుకోవడానికి తోడు లేక. మామూలు టోల్ రోడ్డులో కార్లు కూడా డబ్బు కడతాయి. లారీలకే వేస్తే భూమి, వంతెనలు, దళసరి కాంక్రీటు అంతా లారీల నెత్తినే. పక్కనే టోల్ లేని పాత రోడ్డు ఉంటే సగం లారీలు అటే పోతాయి. మిగిలిన సగం మీద భారం ఇంకా పెరుగుతుంది.

వ్యాఖ్యాత: థాంక్యూ బాబూ. తర్వాతి కాల్. హలో?

శ్రోత: హలో... వినపడుతోందా అండీ? నమస్కారం. నమస్కారం ప్రొఫెసర్ గారూ. నేను ఇరవై ఏళ్లు డ్రైవింగ్ చేశాను, ఇప్పుడు సొంతంగా రెండు బళ్లు ఉన్నాయి. ఒకటి పది టైర్లది, ఒకటి పన్నెండు టైర్లది. మా అబ్బాయిని ఈ లైన్లోకి రావద్దన్నాను, వినలేదు, వచ్చాడు. సరే, అది వేరే సంగతి. నేను అడిగేదేమిటంటే, టోల్ రోడ్డెక్కితే డీజిల్ కలిసొస్తుందంటారు, టైర్లు కలిసొస్తాయంటారు, టైమ్ కలిసొస్తుందంటారు. నెలాఖరుకి కూర్చుని చూస్తే ఏమీ కనపడదు. ఫైనాన్స్ కిస్తీ మాత్రం తేదీకి కట్టాల్సిందే. అసలు టోల్ రోడ్డు మాలాంటి వాళ్లకి లాభమా నష్టమా?

ప్రొఫెసర్: మీ ట్రిప్పు ఎంత దూరం?

శ్రోత: ఒక వైపు ఐదు వందల కిలోమీటర్లు ఉంటుందండి. పాత రోడ్డులో అయితే మధ్యలో ఊళ్లు, గేట్లు, స్పీడ్ బ్రేకర్లు...

ప్రొఫెసర్: సరే, లెక్క కోసం అనుకుందాం. విశ్రాంతితో కలిపి పాత రోడ్డులో 14 గంటలు, టోల్ రోడ్డులో 9 గంటలు. లోడింగు, అన్‌లోడింగు, వెయిటింగు కలిపి 20 గంటలు. పాత రోడ్డులో పోను 14, రాను 14, వెయిటింగు 20, మొత్తం 48 గంటలు. నెలకు 720 గంటలు. ఎన్ని ట్రిప్పులు?

శ్రోత: పదిహేను.

ప్రొఫెసర్: టోల్ రోడ్డులో 9, 9, 20, మొత్తం 38 గంటలు. దాదాపు 19 ట్రిప్పులు. నెలకు నాలుగు ట్రిప్పులు పెరిగాయి. కిస్తీ అదే, ఇన్సూరెన్స్ అదే. ఆ నాలుగు ట్రిప్పుల్లోంచి టోల్ కట్టుకోవచ్చు.

శ్రోత: అలా రావడం లేదండీ! అదే నేను చెప్పేది.

ప్రొఫెసర్: ఎందుకు రావడం లేదో వినండి. మీ బండి ఐదు గంటలు ముందే ఫ్యాక్టరీ గేటు దగ్గరికి చేరింది. తెల్లవారుజామున మూడయింది. గేటు ఎనిమిదికి తెరుస్తారు. తిరుగు ప్రయాణంలోనూ అంతే. అప్పుడు వెయిటింగు 20 కాదు, 30 గంటలు. 9, 9, 30 కలపండి.

శ్రోత: ...నలభై ఎనిమిది.

ప్రొఫెసర్: అవే పదిహేను ట్రిప్పులు. టోల్ మాత్రం కట్టారు. రోడ్డు మీద మిగిలిన గంట ఇంకో ట్రిప్పుగా మారితేనే డబ్బు. గేటు ముందు నిలబడితే ఆ గంటకు విలువ లేదు. ముప్పై ఏళ్లు క్లాసులో చెప్పింది ఇదే, ఎక్కడికి వెళ్లినా చెప్పేదీ ఇదే.

శ్రోత: నిజమేనండి. మొన్న ఒకచోట రెండు రాత్రులు నిలబెట్టారు. హాల్టింగ్, అంటే నిలబెట్టినందుకు ఇచ్చే డబ్బు, అడిగితే తర్వాత చూద్దాం అన్నారు. అయితే ఇంతకీ టోల్ రోడ్డు మంచిదేనంటారా, పాత రోడ్డులో పొమ్మంటారా?

ప్రొఫెసర్: అయ్యా, మళ్లీ అదే అడుగుతున్నారు. రోడ్డును బట్టి కాదు, గేటును బట్టి చెప్పాలి. చేరగానే దింపుకునే పార్టీ అయితే టోల్ రోడ్డు. పొద్దున దాకా నిలబెట్టే పార్టీ అయితే తొందరగా చేరి ఏం లాభం? ఇంకోటి, తిరుగు లోడు దొరుకుతోందా?

శ్రోత: మూడింట ఒకసారి ఖాళీగానే వస్తుంది.

ప్రొఫెసర్: ఖాళీ బండికీ టోల్ ఉంది, డీజిల్ ఉంది. కాబట్టి పోయేటప్పుడు తీసుకునే కిరాయిలో వచ్చేటప్పటి ఖాళీ ఖర్చు కూడా వేసుకోవాలి. కిరాయి మాట్లాడేటప్పుడు టోల్ విడిగా రాయించండి, హాల్టింగ్ విడిగా రాయించండి. అన్నీ కలిపి ఒక్క మాటలో ఒప్పుకుంటే, రేపు టోల్ పెరిగినప్పుడు అది మీ జేబులోంచే పోతుంది.

శ్రోత: అడిగితే బ్రోకరు వేరే బండి పెట్టుకుంటానంటాడండి.

ప్రొఫెసర్: తెలుసు. బళ్లు ఎక్కువ, లోడ్లు తక్కువ ఉన్న నెలల్లో మీ మాట చెల్లదు. రెండు బళ్ల వాళ్లకి ఆ కష్టం ఎక్కువ. కానీ లోడ్లు ఎక్కువగా ఉన్న సీజన్లో ఆ రెండూ కాగితం మీద రాయించుకుంటే తర్వాత అడగడానికి ఒక ఆధారం ఉంటుంది.

వ్యాఖ్యాత: పెద్దాయనా, లైన్లో ఇంకా చాలామంది ఉన్నారు, ఏమీ అనుకోకండి. తర్వాతి కాల్. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే అండి. నేను రోజూ హైవే మీద కారులో ఆఫీసుకు వెళ్తాను. పక్కన లారీ వస్తే చాలా టెన్షన్‌గా ఉంటుంది. లారీలన్నింటినీ వేరే రోడ్డు మీదికి పంపేస్తే సరిపోతుంది కదా?

ప్రొఫెసర్: మీ భయం అర్థమైందమ్మా. నిండు లోడుతో ఉన్న బండి కారులాగా ఆగలేదు. రెండూ విడివిడిగా వెళితే ఇద్దరికీ మంచిది. కార్ల రోడ్డు పల్చగా వేసినా చాలు కాబట్టి అక్కడ కొంత ఖర్చు కూడా తగ్గుతుంది. కానీ లారీ చివరికి గోడౌనుకు, దుకాణానికి రావాలి కదా. ఆఖరి పది కిలోమీటర్లు మీ రోడ్డు మీదే.

వ్యాఖ్యాత: థాంక్యూ అమ్మా. హలో, తర్వాత ఎవరు?

శ్రోత: సార్, నేను లారీ డ్రైవర్‌ని. బండి పక్కన ఆపి చేస్తున్నాను. రోడ్డు బాగుపడితే ఓనర్‌కి లాభం అన్నారు. మాకేంటి సార్? ఇదివరకు రెండు రోజులు ఇచ్చే ట్రిప్పుకి ఇప్పుడు ఒకటిన్నర రోజే ఇస్తున్నారు. నిద్ర...

ప్రొఫెసర్: చెప్పు తమ్ముడూ... హలో?

వ్యాఖ్యాత: లైన్ కట్ అయినట్టుంది సార్.

ప్రొఫెసర్: ఆ అబ్బాయి అడిగింది చాలా ముఖ్యం. మిగిలిన టైమును డ్రైవర్ నిద్రలోంచి లాక్కుంటే అది మిగులు కాదు. లారీలకని రోడ్డు వేసేవాళ్లు బండి ఆపుకునే చోటు, పడుకునే చోటు, స్నానానికి నీళ్లు కూడా అదే ప్లానులో వేయాలి. విడి రోడ్డంటే మధ్యలో ఎక్కడపడితే అక్కడ దిగే వీలుండదు. ఆ బాబు వింటున్నాడో లేదో, ఇంకో నాలుగు గంటలు ఆలస్యమైనా సరే, నిద్ర వస్తే ఆపేయమని చెబుతున్నాను.

వ్యాఖ్యాత: తప్పకుండా సార్. ఇంకో కాల్.

శ్రోత: నాది కిరాణా దుకాణమండి. టోల్ పెరిగితే సరుకుల ధరలు పెరుగుతాయా?

ప్రొఫెసర్: సరుకును బట్టి. సిమెంటు, ఇటుక, ఉల్లిపాయ లాంటి బరువెక్కువ, ధర తక్కువ వాటి మీద కిరాయి బాగా తెలుస్తుంది. మందులు, సెల్‌ఫోన్ల మీద కనపడదు. సరుకు త్వరగా వస్తే మీరు తక్కువ స్టాకుతో నడుపుకోవచ్చు, అది కూడా లెక్కే.

వ్యాఖ్యాత: థాంక్యూ అండి. సార్, ఇందాకటి లారీ ఓనర్ గారు మళ్లీ లైన్లో ఉన్నారు. రెండు నిమిషాలు ఇద్దామా?

ప్రొఫెసర్: ఇవ్వండి, పర్వాలేదు.

శ్రోత: ప్రొఫెసర్ గారూ, క్షమించండి. ఒక్కటే. లారీలకే రోడ్డు వేశారనుకోండి. దాని మీద ఎక్కువ లోడు వేయనిస్తే, టోల్ కట్టడానికి నేను రెడీ. అలా ఎవరైనా చేస్తారా?

ప్రొఫెసర్: మీరు అడిగింది అచ్చంగా 2002లో అమెరికాలో కొందరు పరిశోధకులు ప్రతిపాదించిందేనండి! అక్కడ ఇంటర్‌స్టేట్ హైవేల మీద మామూలు హద్దు 80,000 పౌండ్లు, అంటే దాదాపు 36 టన్నులు. పొడవైన జోడు ట్రెయిలర్లు అప్పటికి తిరుగుతున్న దారులు దాటకుండా 1991 చట్టం కట్టేసింది. లారీలకే విడిగా రోడ్డు వేసి, అక్కడ ఎక్కువ బరువుకు అనుమతిచ్చి, బదులుగా టోల్ తీసుకుందాం అన్నది ఆలోచన. న్యూయార్క్ త్రూవే అనే టోల్ రోడ్డు మీద ఒకే డ్రైవర్ రెండు ట్రెయిలర్లు లాగే పద్ధతి ఉంది. ఎగ్జిట్ల దగ్గర యార్డుల్లో రెండోది తగిలిస్తారు, విప్పుతారు. స్విట్జర్లాండ్ ఇదే బేరం దేశమంతటికీ చేసింది. 2001లో బరువు, దూరం లెక్కన లారీ పన్ను పెట్టి, బరువు హద్దును 28 టన్నుల నుంచి 34కు, 2005లో 40కి పెంచింది. అదే సరుకుకు ట్రిప్పులు తగ్గుతాయి కాబట్టి పన్ను కట్టే శక్తి అందులోంచే వస్తుంది.

శ్రోత: అయితే నా పది టైర్ల బండి మీదే ఇంకో నాలుగు టన్నులు వేయొచ్చన్నమాట.

ప్రొఫెసర్: వద్దు! ఆ మాట అనకండి. బండి మొత్తం బరువు కాదు, ఒక్కో ఇరుసు మీద ఎంత పడుతోందో చూడాలి. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో ప్రత్యేకంగా రోడ్లు వేసి, వాటి మీద లారీలు తిప్పి తిప్పి పరీక్షించారు. అందులోంచి వచ్చిన సూత్రం ప్రకారం ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు దెబ్బ రెండింతలు కాదు, సుమారు పదహారింతలు. మీరు నూటికి ఇరవై పాళ్లు ఎక్కువ వేస్తే దెబ్బ దాదాపు రెట్టింపు. ఆ రోడ్డు పాడైతే టోల్ పెంచేది మళ్లీ మీకే. బరువు పెరిగితే ఇరుసులు పెరగాలి.

శ్రోత: అంటే కొత్త బండి కొనాలి. మా అబ్బాయి అదే అంటున్నాడు, పెద్ద ట్రెయిలర్ కొందామని. లోడు పెరిగితే కిరాయి కూడా పెరుగుతుంది కదండీ?

ప్రొఫెసర్: మొదట్లో పెరుగుతుంది. అందరి దగ్గరా పెద్ద బళ్లు వచ్చాక టన్నుకు ఇచ్చే రేటు దిగుతుంది. ఆ మిగులు మెల్లగా సరుకు పంపే పార్టీ చేతికి పోతుంది. కిస్తీ మాత్రం మీ దగ్గరే ఉంటుంది. అందుకే అబ్బాయికి చెప్పండి, కొనే ముందు మూడు నెలలు ఒక పుస్తకం పెట్టమని. బండి గేటు దగ్గరికి ఎన్నింటికి చేరింది, ఎన్నింటికి బయటికి వచ్చింది, తిరిగి ఖాళీగా ఎన్ని కిలోమీటర్లు వచ్చింది.

శ్రోత: ఉండండి, రాసుకుంటాను... చేరింది, బయటికి వచ్చింది, ఖాళీ కిలోమీటర్లు.

వ్యాఖ్యాత: సార్, టైమ్ అయిపోయింది.

ప్రొఫెసర్: ఒక్క మాట. కాటా చీటీలు పారేయొద్దని చెప్పండి. ఇరుసు లెక్క వాటితోనే మొదలుపెట్టాలి.